రెండు సీమల దుబాసి

సముద్రం ఒడ్డున ఒక చిన్న దేశం ఉండేది. ఎంత చిన్నదంటే, పొద్దున ఒక కొసన బయలుదేరిన గుర్రం చీకటి పడేలోగా రెండో కొసకి చేరిపోయేది. అయినా అందులో రెండు సీమలు, రెండు సభలు, రెండు భాషలు. జెండా మాత్రం ఒక్కటే.

ఉత్తరాన పల్లపుసీమ. సముద్రం కన్నా దిగువన ఉన్న పచ్చిక బయళ్లు, ఆవులు, బాతులు, కావలసినంత వెన్నా జున్నూ. నీళ్లు లోపలికి రాకుండా పొడుగాటి గట్టు. దక్షిణాన కొండసీమ. అక్కడ అడవిపందులు, రాతి గనులు, ఒకప్పుడు రేయింబవళ్లు మండి ఇప్పుడు చల్లారిపోయిన ఇనుప కొలుములు. రెంటికీ మధ్య ఏరు, ఏటి మీద వంతెన, వంతెన మొదట్లో కోర్నెల్ అనే నక్క ఇల్లు.

రెండు భాషలూ వచ్చింది ఆ నక్క ఒక్కడికే. అందుకని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పే దుబాసి అయి కూర్చున్నాడు. బేరం ఎంత బిగుసుకుంటే అతనికి అంత లాభం. "ఎలాగైనా ఒప్పించు బాబూ" అని పల్లంవాళ్లు వెన్నముద్దలు, కొండవాళ్లు ఏటిచేపలు తెచ్చి గుమ్మంలో పెట్టేవాళ్లు.

ఒక శరత్కాలం ఉదయం, గ్రీత్ అనే బండిగుర్రం గడ్డి మోసుకుపోతుంటే గట్టు మీద కాపలా బాతు గొంతు చించుకుని అరిచింది.

"గ్రీతక్కా! గట్టు చీలింది! పరుగెత్తు!"

గ్రీత్ వెళ్లి చూసింది. తన డెక్క పట్టేంత చీలిక. అందులోంచి ఉప్పునీరు బుడబుడమంటూ లోపలికొస్తోంది. మూడు రోజుల్లో పున్నమి. పోటు వస్తే దూడల పాకలు ముందు మునుగుతాయి. పల్లంలో ఎక్కడ తవ్వినా మట్టే గాని గులకరాయి కూడా దొరకదు.

ఆ మధ్యాహ్నానికల్లా గ్రీత్ ఖాళీ బండితో కొండెక్కింది. బండి మీద దర్జాగా కోర్నెల్, అతని ఒళ్లో వెన్నబుట్ట.

గని దగ్గర అడవిపందుల పెద్ద ఫిర్మాన్ ఎదురొచ్చాడు. ఒక కోర విరిగిన, బుర్రంతా నెరిసిన పెద్దాయన. గ్రీత్ ఆయాసం తీర్చుకోకుండానే మొదలుపెట్టింది.

"మా గట్టు చీలింది, పెద్దాయనా. రాళ్లు కావాలి. చలికాలం పొడుగునా మీకు గడ్డి, జున్ను మేం పంపుతాం. దూడలు మునిగిపోతాయి, కాదనకండి!"

కోర్నెల్ తోక సర్దుకుని కొండభాషలో ఏదో చెప్పాడు. ఫిర్మాన్ చాలాసేపు బదులు చెప్పాడు. చెబుతూ చెబుతూ చల్లారిన కొలుముల వైపు మోర ఎత్తాడు. పనిలేక రాళ్ల మీద కూర్చున్న కుర్ర పందుల్ని చూపించాడు.

"ఇవ్వడట" అన్నాడు కోర్నెల్.

"అంతసేపు మాట్లాడినదానికి అర్థం అంతేనా?"

"మిగతావన్నీ తిట్లు, అక్కా. నీ చెవిన వెయ్యడం దేనికని మానేశాను. ఇంకో రెండు బుట్టల వెన్న తెప్పిస్తే మెత్తబరుస్తాను."

గ్రీత్ ఫిర్మాన్ కళ్లలోకి చూసింది. తిట్టేవాడి కళ్లు అలా చెమ్మగిల్లవు. గ్రీత్ తల వంచి, బతిమాలుతున్నట్టే దీనంగా మొహం పెట్టి అంది:

"పెద్దాయనా, మీ కుడిచెవి మీద కందిరీగ వాలింది. దులుపుకోండి."

మాటలు సగం విని మిగతాది సొంతంగా అల్లడం కోర్నెల్‌కి ఎప్పుడో అలవాటైపోయింది. చూపు వెన్నబుట్ట మీదే పెట్టి గడగడా ఏదో అప్పజెప్పాడు. ఫిర్మాన్ చెవి దులుపుకోలేదు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోగా కాలితో నేల తన్ని రంకె వేశాడు.

"చూశావా! కొట్టడానికొస్తున్నాడు. పద, పోదాం!" అన్నాడు కోర్నెల్.

"నువ్వు పో" అంది గ్రీత్.

గని పక్కన వాన నీళ్లు నిలిచిన గుంట ఉంది. గ్రీత్ డెక్కలతో మట్టి లాగి గుంట అంచున చిన్న గట్టు కట్టింది. దాని అవతల పల్లంలో గడ్డి పోచలు తెంపి పరిచింది. ఆ మీద లేగదూడలా 'అంబా' అని సన్నగా అరిచింది. రంకెలు ఆపి పందులన్నీ మూగాయి. గ్రీత్ ఒక్క తన్ను తన్నింది. గట్టు తెగి నీళ్లు గడ్డిని ముంచెత్తాయి. వెంటనే పళ్లతో రాయి కరుచుకొచ్చి గండిలో దోపింది. నీళ్లు ఆగిపోయాయి!

ఫిర్మాన్ నోరు తెరుచుకుని చూశాడు. కోర్నెల్ ఇద్దరి మధ్యకీ దూరి ఏదో చెప్పబోయాడు. పెద్దాయన మోరతో ఒక్క తోపు తోస్తే నక్కా వెన్నా కలిసి గుంటలో పడ్డాయి.

ఫిర్మాన్ రాయిని మోరతో తట్టి, "పియేర్" అన్నాడు.

"పియేర్" అంది గ్రీత్. తర్వాత మట్టిగట్టు మీద డెక్క పెట్టి, "దేయ్క్" అంది.

"దేయ్క్! దేయ్క్!" అని కుర్ర పందులు కేకలు పెట్టాయి. అప్పటికే రెండు పందులు బండ్లోకి రాళ్లు దొర్లిస్తున్నాయి.

మూడు రోజులూ కొండ నుంచి గట్టు దాకా దారంతా ఒకటే కోలాహలం. పందులు దొర్లించాయి, గ్రీత్ లాగింది, బాతులు సందుల్లో మట్టి మెత్తాయి. ఆఖరి రాయి పెడుతుండగానే పోటు వచ్చింది. మొదటి అల గట్టును గుద్దింది. రెండో అల ఇంకా గట్టిగా గుద్దింది. గట్టు కదల్లేదు. రెండు సీమలవాళ్లూ, ఎవరి భాషలో వాళ్లు, ఒక్కసారే కేక వేశారు.

ఆ శీతాకాలం గ్రీత్ వారం వారం గడ్డీ జున్నూ మోసుకుని కొండకి వెళ్లింది. వెళ్లినప్పుడల్లా పది మాటలు నేర్చుకుంది. చివరికి ఒకరోజు వచ్చీరాని కొండభాషలో అడిగింది: "అన్నా, మొదటి రోజు అంతసేపు ఏం చెప్పావు?"

"ఏముంది, చెల్లీ" అన్నాడు ఫిర్మాన్. "మా కొలుములు మండిన రోజుల్లో మీవాళ్లు పనికొచ్చి మా దగ్గరే తిన్నారు. ఇప్పుడు మాకు పని లేదు. రాళ్లు ఊరికే పట్టుకుపో, గట్టు కట్టే పని మావాళ్లకి ఇప్పించు అన్నాను. నువ్వేమో 'సోమరి పందులకి గడ్డిపరక కూడా ఇవ్వం' అన్నావని ఆ నక్క చెప్పాడు."

"నేనన్నది మీ చెవి మీద కందిరీగ వాలిందని!" అంది గ్రీత్. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

కోర్నెల్ ఇప్పటికీ వంతెన మీద నిలబడి, "దుబాసి కావాలా, దుబాసి?" అని రెండు భాషల్లోనూ అరుస్తుంటాడు. బండ్లు ఆగకుండా వెళ్లిపోతుంటాయి.

నీతి: పొరుగువాడితో నేరుగా మాట్లాడటానికి బద్ధకిస్తే, మధ్యవాడు చెప్పిందే నిజమైపోతుంది.