రెండో కొట్టు

లినక్స్ అనే పట్నాన్ని రూట్ అనే రాజు ఏలేవాడు. ఆయన మాట కాదనే తలుపు గానీ తాళం గానీ ఆ పట్నంలో లేదు.

రాజుకు రెండు విత్తనాల కొట్లు ఉండేవి. రెండూ అచ్చం ఒకేలా ఉండాలని ఆజ్ఞ. ఆ పని ఆర్‌సింక్ అనే నకలువాడిది. క్రాన్ అనే బంటు సాయంత్రం గంట కొట్టగానే వాడు బయల్దేరేవాడు. మొదటి కొట్లో ఉన్నది రెండో కొట్లో పెట్టేవాడు. మొదటి దాంట్లో లేనిది రెండో దాంట్లోంచి తీసి ఏట్లో పారబోసేవాడు.

ఒక రైతమ్మ తన విత్తనపు వడ్లు అక్కడ దాచుకుంది. వరదలో మునిగినా కుళ్లని రకం అది. ఇంకెక్కడా మిగల్లేదు. "రెండు చోట్ల ఉన్నాయి, గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపో" అని రాజు మాటిచ్చాడు.

ఒకనాటి ఉదయం మొదటి కొట్లో ఊక పేరుకుందని రాజు చికాకు పడ్డాడు. ఆర్‌ఎం అనే ఊడ్చేవాణ్ణి పిలిచాడు. పూర్వం వాడు "నిజంగానే ఊడ్చెయ్యనా ప్రభూ?" అని అడిగేవాడు. రాజుకు విసుగు పుట్టి ఆ అలవాటు మాన్పించాడు. ఇప్పుడు తొందరలో, "కొట్లో ఉన్నదంతా ఊడ్చెయ్" అన్నాడు. వాడు ఊడ్చేశాడు. ఊకతోపాటు వడ్లూ ఏటిపాలయ్యాయి.

సంగతి తెలిసి రైతమ్మ రెండో కొట్టుకు పరుగెత్తింది. వడ్లు లోపలే ఉన్నాయి. తలుపుకు తాళం ఉంది. అంతలో గంట మోగింది. నకలువాడు గంప పట్టుకుని వచ్చాడు.

"ఆగు నాయనా. మొదటి కొట్టు చూశావా?"

"చూశానమ్మా. ఖాళీ."

"మరి?"

"మరేముంది, దీన్నీ ఖాళీ చెయ్యాలి. పక్కకు జరుగు."

"నీకు బుర్ర ఉందా?"

"ఉంటే ఈ కొలువు ఇచ్చేవారా?"

ఆమె రాజు దగ్గరికి పరుగెత్తింది. "వాణ్ణి ఆపండి దొరా. మీ నోట ఒక్క మాట చాలు."

నిజమే, ఒక్క మాట చాలు. కానీ ఉదయం గుర్తురాని విచారణ రాజుకు సాయంత్రం గుర్తొచ్చింది. రెండు కొట్లకూ తేడా ఏమైనా ఉందేమో చూసి రమ్మని డిఫ్ అనే ఉద్యోగిని పంపాడు. డిఫ్ తాంబూలం వేసుకుని, చెప్పులు తొడుక్కుని, తీరిగ్గా వెళ్లి వచ్చాడు.

"ప్రభూ, వెంట్రుకవాసి తేడా లేదు."

"విన్నావుగా" అన్నాడు రాజు. "పోయిందేమీ లేదు."

"రెండూ ఖాళీ అయ్యాక తేడా ఎక్కడుంటుంది దొరా? రేపు వాన పడితే నేనేం చల్లను?"

రాజుకు జాలి వేసింది. "నీ తృప్తి కోసం మూడో కొట్టు కట్టిస్తాను. అదీ అచ్చం వీటిలాగే ఉంటుంది."

సభ చప్పట్లు కొట్టింది. నకలువాడికి శాలువా కప్పారు.

రైతమ్మ కళ్లు తుడుచుకుని కొంగు బిగించింది. "కొత్తగా కట్టడం ఎందుకు దొరా? మీ వంటిల్లు ఉందిగా. దాన్నే మూడో కొట్టు చేసెయ్యండి. మీ కళ్లెదుటే భద్రంగా ఉంటుంది."

ఖర్చు లేని సలహా. రాజుకు ఎంతో నచ్చింది. ఆ క్షణమే ఆజ్ఞ వేశాడు.

నకలువాడు శాలువా సర్దుకుని, గంప తీసుకుని వంటింటి వైపు నడిచాడు. రాజుగారు ఇంకా విస్తరి ముందు కూర్చోలేదు.