ఉత్త ఉలి

ధవళేశ్వరంలో కాలువ గట్టు పక్కన చెక్కపని షెడ్డు నడిపే లక్కోజు భద్రాచారిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. పని పూర్తయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు మళ్లీ రమ్మనేవారు. మళ్లీ వచ్చినవాళ్లు తక్కువ. కొందరికి పనిలోనే జవాబు దొరికేది, కొందరు పనికి జడిసి ప్రశ్నే మానుకునేవారు. ఆయనకు రెండూ ఇష్టమే.

ఆ షెడ్డులోకి సీఎన్‌సీ మిషను వచ్చాక అలాంటి ప్రశ్న ఒకటి సోమలింగానికి వచ్చింది. సోమలింగం కొత్తగా పనిలో చేరినవాడేమీ కాదు. తలుపుల మీద లతలూ నెమళ్లూ చెక్కీ చెక్కీ అరచేతులు కాయలు కాచినవాడు. గురువుగారి మణికట్టు ఇక సుత్తి మొయ్యలేనని మొరాయించాక షెడ్డు బరువంతా అతని మీదే పడింది. మిషను కొందామని పట్టుబట్టిందీ అతనే. కంప్యూటర్లో బొమ్మ గీసి, ఎక్కడెంత లోతు చెక్కాలో చెబితే చాలు, గిర్రున తిరిగే ఉక్కు బిట్టు ఆ గీతల వెంబడే పోయి చెక్కేస్తుంది. కంపెనీవాళ్లిచ్చిన తయారు బొమ్మలతో, పనికిరాని ముక్కల మీద నాలుగు పువ్వులు చెక్కించి, అందరికీ తిప్పి తిప్పి చూపించి, కాస్త మీసం కూడా మెలేశాడు. తీరా తన సొంత బొమ్మతో అసలు పని మొదలుపెట్టే రోజు వచ్చేసరికి వేలు బటను మీదికి పోనంటే పోనంది.

ఆ పని కూడా అలాంటిదే. నూకరత్నం అనే ఆవిడ ఒక టేకు పలక తెచ్చింది. ఆమె తండ్రి గోదావరి మీద పడవ నడిపి బతికినవాడు. ఆయన పోయాక పడవ విప్పేస్తుంటే, చుక్కాని దగ్గర ఆయన కూర్చునే పలకను ఆమె అడిగి తెచ్చుకుని దాచుకుంది. ఏళ్ల తరబడి ఆయన కూర్చున్న చోట అది నున్నగా అరిగి, అద్దంలా మెరుస్తోంది. ఇప్పుడు సొంతిల్లు కట్టుకుంది. నడుమ ఒక తామరపువ్వు, దానికి అటొకటి ఇటొకటి చేపలు చెక్కించి, ఆ పలకను గుమ్మం పైన నిలపాలని ఆమె కోరిక. “మా నాన్న ఈ ఇల్లు చూడలేదండి. ఇదన్నా చూస్తాదని,” అంది పలక అప్పగిస్తూ.

ఎండకు ఎండి, నీళ్లకు నాని ఆ పలక పెళుసెక్కిపోయింది. సుత్తి దెబ్బ పడితే నిలువునా విచ్చుకుంటుందని భద్రాచారిగారు వేలితో తట్టి చూసే చెప్పేశారు. మేకులన్నీ లాగించి, ఇంకా లోపలేమైనా దాగాయేమోనని అయస్కాంతం తిప్పించి, మిషనుకే అప్పగించమన్నారు. అది పాడైతే ఇంకొకటి తెచ్చే దారి లేదు. ఆ సంగతి సోమలింగానికి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు. పలక మిషను బల్ల మీద బిగించి ఉంది, దాని పక్కనే నూకరత్నం స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. అతను బటను దగ్గరికి పోతాడు, గుడ్డతో బల్ల తుడుస్తాడు, మళ్లీ వెనక్కి వస్తాడు. బల్ల అప్పటికే తళతళలాడుతోంది.

చివరికి ఉలి నూరుకుంటున్న గురువుగారి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“గురువుగారూ, ఇన్నాళ్లు ఉలి పట్టినా ఏనాడూ నా చెయ్యి వణకలేదండి. ఒక్క బటను నొక్కడానికి ఇంత భయమేంటండి? ఇదెప్పటికి పోద్దంటారు?”

భద్రాచారిగారు తల ఎత్తి, అతన్నీ మిషనునీ మార్చి మార్చి చూశారు.

“దాని చేత ఉత్త ఉలి తిప్పించు,” అన్నారు.

ఉత్త ఉలి అన్నది ఆ షెడ్డు ఆనవాయితీ. మొదటి దెబ్బ వేసే ముందు, సుత్తి ముట్టకుండా, చెక్కకు తగలకుండా, గీసిన బొమ్మ మీదుగా ఉలిని గాలిలో ఒకసారి చివరిదాకా నడిపించాలి. బయటివాళ్లు అది చూసి ఏదో మంత్రం చదువుతున్నారనుకునేవారు. చెయ్యి తిరిగాక సోమలింగం దాన్ని ఎప్పుడో వదిలేశాడు. ఇప్పుడు ఇనప మిషను చేత ఆ తంతు చేయించమనేసరికి అతనికి నవ్వూ వచ్చింది, కొంచెం ఉక్రోషమూ వచ్చింది.

“దానికి ఉత్త ఉలేంటండి? బొమ్మంతా కంప్యూటర్లో కనపడతానే ఉంది కదండి.”

“కనపడితే మరి నొక్కలేదేం?” అన్నారాయన. “పలక మందం మూడు వేళ్లు. బిట్టుని పలక మీద నుంచి మూడు వేళ్లు పైకెత్తి, చెక్క పైభాగం అక్కడే ఉందని చెప్పు. గాలిలో చెక్కుకోనియ్యి. నువ్వు కింద సందు చూస్తా ఉండు.”

సోమలింగం అలాగే చేశాడు. గాలిలోనే కాబట్టి బటను నొక్కడానికి చెయ్యి పెద్దగా మొరాయించలేదు. బిట్టు తిరగడం మొదలైంది. నూకరత్నం గబుక్కున లేచి నిలబడింది.

“మొదలైందా బాబూ?”

“లేదమ్మా. ఇంకా గాలినే చెక్కుతోంది.”

“గాలికైతే ఏం కాదులెండి, కానివ్వండి,” అని ఆమె మళ్లీ కూర్చుంది.

చేపలు రెండూ అనుకున్నట్టే అయ్యాయి. పొలుసుల మీదుగా బిట్టు ఒయ్యారంగా ఊగుతూ పోతుంటే సోమలింగానికి ధైర్యం కూడా వచ్చింది. తర్వాత అది తామరపువ్వు మీదికి వచ్చింది. బొమ్మ మొత్తంలో లోతైన చోటు ఆ పువ్వు నడిబొడ్డు. అక్కడ ఒక వేలు లోతు చెక్కి, కింద రెండు వేళ్ల చెక్క ఉంచాలి. అంటే ఇప్పుడు బిట్టు కొసకూ పలకకూ నడుమ రెండు వేళ్ల సందు ఉండాలి. సోమలింగం వంగి చూశాడు. బిట్టు దిగుతోంది. దిగుతూనే ఉంది. అతను మిషను ఆపే ఎర్ర బటను మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. బిట్టు పూర్తిగా ఆగాక ఆ సందులో వేలు పెట్టి చూశాడు. ఒక్క వేలే పట్టింది.

కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి చూస్తే తప్పు అతనిదే. ఆ షెడ్డులో ఎంత తీశావని ఎవరూ అడగరు, ఎంత ఉంచావనే అడుగుతారు. తలుపు నిలబడేది ఉంచిన చెక్కతో గనక అక్కడి లెక్కలన్నీ మిగిలేదాని మీదే నడుస్తాయి. మిషను అలా అడగదు. ఎంత తియ్యమంటావనే అడుగుతుంది. పువ్వు లోతు దగ్గర సోమలింగం అలవాటు చొప్పున ఉంచాల్సిన కొలత రాసేశాడు. తెర మీద పువ్వు మరీ నిండుగా కనపడితే, తన పనితనమే అనుకుని మురిసిపోయాడు కూడా. గాలి స్థానంలో చెక్క ఉండి ఉంటే ఆ పాటికి నడుమ ఒక్క వేలు మందమే మిగిలేది. అంత పెళుసు పలక గుమ్మం ఎక్కకముందే రెండు ముక్కలయ్యేది.

అతను ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. పొద్దుటి నుంచి గుండెల మీద కూర్చున్నదేదో లేచిపోయినట్టు ఒళ్లంతా తేలికైపోయింది.

“ఏమైంది బాబూ?” నూకరత్నం ముఖం పాలిపోయింది. “పలకకేమన్నా...”

“ఏం కాలేదమ్మా,” అన్నాడు సోమలింగం. “దానికేం కాలేదు.” ఆ మాట తన చెవులకే ఎంతో హాయిగా ఉండటంతో ఇంకోసారి కూడా అన్నాడు.

కొలత దిద్ది, మళ్లీ ఉత్త ఉలి తిప్పించాడు. ఈసారి పువ్వు దగ్గర రెండు వేళ్ల సందు నిలిచింది. అప్పుడు బిట్టును పలక మీదికి దించి బటను నొక్కాడు. సన్నటి పొట్టు లేచింది, షెడ్డంతా పాత టేకు వాసన కమ్ముకుంది. ఒక్కో రేకూ విచ్చుకుంటుంటే నూకరత్నం రెప్ప వెయ్యకుండా చూసింది. అంతా అయ్యాక, బొమ్మకు ఒక పక్కగా సోమలింగం వదిలిపెట్టిన ఆ నున్నటి చోటును అరచేత్తో నిమిరింది. ఆమె కళ్లు నిండాయి గానీ ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది.

ఆమెను పలకతో సహా ఆటో ఎక్కించి, సోమలింగం గురువుగారి దగ్గరికి వచ్చాడు.

“అక్కడ తప్పుందని మీకు ముందే తెలుసాండి?”

“నాకేం తెలుసురా. నాకా కంప్యూటరు తెరవడమే రాదు.”

పొద్దుటి నుంచి మొదటిసారి సోమలింగం మనసారా నవ్వాడు. “ఏదైతేనేం, గట్టెక్కానండి. ఇప్పుడు భయం మొత్తం పోయినట్టే ఉంది.”

భద్రాచారిగారు నూరుతున్న ఉలి అంచును బొటనవేలితో చూసుకున్నారు.

“మొత్తం పోనియ్యకు. ఇందాక నిన్ను నా దగ్గరికి పంపింది అదే.”