అడగందే కుమ్మరించని వి మీట

ఒకప్పుడు కంప్యూటర్ మీటల్లో వి అంత దుడుకు మీట ఇంకోటి లేదు. పక్కింటి సి మీట తెరమీది మాటల్ని ఎత్తి, కంటికి కనబడని ఒక గంపలో వేసేది. వి ఆ గంపను తెరమీద కుమ్మరించేది. వేలు తగిలితే చాలు, ఎందుకూ ఏమిటీ అని చూసేది కాదు.

రాజాంలో హైమవతి కార్డులు అచ్చువేసే షాపు నడిపేది. ఒకరోజు పొద్దున ఎవరిదో పెద్దకర్మ కార్డు చేసింది. సి ఎత్తిన ఆ మాటలు ఇంకా గంపలోనే ఉన్నాయి. ఆ వెంటనే సన్యాసిరావు కూతురి పెళ్లి కార్డు మొదలుపెట్టింది. పెళ్లికూతురి పేరు వసుంధర. ‘వ’ కోసం వి మీట నొక్కింది.

వి హుషారుగా గంప బోర్లించింది.

పక్కనే కూర్చున్న సన్యాసిరావు తెరకేసి చూసి చదివాడు. "చి.ల.సౌ. స్వర్గస్థులైన మా తండ్రిగారి పెద్దకర్మకు... ఏటమ్మా ఇది? శుభమా అని పెళ్లి కార్డు కొట్టమంటే కర్మకు పిలుస్తావేటి?"

హైమవతి ముఖం మాడిపోయింది. "తప్పయిపోయింది బాబూ. ఈ మీటతో ఏగలేకపోతున్నాను. పీకి పారేస్తానుండండి" అని స్క్రూడ్రైవరు కోసం లోపలికి వెళ్లింది.

"నేనేం చేశాను? సాయమే కదా చేశాను!" అని ఏడ్చింది వి.

"అడగకుండా చేశావు" అంది సి.

"అడిగారో లేదో నాకెలా తెలుస్తుంది?"

అప్పుడు మూలనున్న కంట్రోల్ మాట్లాడింది. ఒక్క అక్షరమైనా రాయదని మిగతా మీటలన్నీ దాన్ని తీసిపారేసేవి. "నన్ను నొక్కిపట్టి నిన్ను తాకితే అడిగినట్టు. లేదంటే నీ అక్షరం నువ్వు రాసుకో" అంది.

హైమవతి స్క్రూడ్రైవరుతో వచ్చింది. "అక్కా, ఒక్కసారి చూడు! కంట్రోల్‌ను పట్టుకుంటే తప్ప కుమ్మరించను" అని బతిమాలింది వి.

హైమవతి అనుమానంగానే ఆ తప్పుడు మాటలు చెరిపి, పేరు కొట్టింది. వసుంధర అని ముచ్చటగా పడింది. తర్వాత కల్యాణ మండపం చిరునామాను సి చేత గంపలో వేయించింది. కంట్రోల్‌ను నొక్కిపట్టి వి మీద వేలు పెట్టింది. చిరునామా కార్డు అడుగున చక్కగా వచ్చి కూర్చుంది.

సన్యాసిరావు కూతురి పేరు దగ్గర వేలుపెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు అచ్చెయ్యమ్మా" అన్నాడు. హైమవతి స్క్రూడ్రైవరును సొరుగులో పడేసింది.

అప్పటినుంచే వి మీటను ఒంటరిగా తాకితే తన అక్షరం మాత్రమే రాస్తుంది. కంట్రోల్‌ను కూడా పట్టుకుంటేనే గంప కుమ్మరిస్తుంది.