మీసాల చేపకు పురుడు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవగట్టు పొడుగునా పెంకుటిళ్ళున్న ఒక ఊళ్ళో, వీరాయమ్మ అని ఒకావిడ ఉండేది. నువ్వు కాళ్ళు ఆడించడం ఆపితే చెబుతా. ఆపావా? ఊఁ.

వీరాయమ్మ పనేంటంటే, పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడం, బాలింతలకి పథ్యం చూడటం. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా, ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే ముందు ఆవిడకే కబురు. ఆవిడ వచ్చి, పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోసిందంటే, ఎంత ఏడుపుగొట్టు బిడ్డయినా సాంబ్రాణి పొగ ఆరేలోపు నిద్రపోవాల్సిందే.

"ముప్పై ఏళ్ళ నుంచి చేస్తన్నాను, నా చేతుల మీద ఒక్క బిడ్డకి తుమ్ము కూడా రాలేదు" అని గొప్పగా చెప్పుకునేది. రోజుకి మూడుసార్లు చెప్పేది. వినేవాళ్ళు దొరక్కపోతే గేదెకి చెప్పేది.

ఆవిడకి ఒక్కడే కొడుకు, ముత్యాలరావు. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు వాడిది. మనిషి తలుపంత ఉంటాడు, మనసేమో వెన్నముద్ద. వాడి పెళ్ళాం భవాని. మొదటి కాన్పు కదా, ఏడో నెలలో శ్రీమంతం చేసి భవానిని పుట్టింటికి తీసుకెళ్ళారు. అప్పుడు ముత్యాలరావుకి ఇల్లంతా బోసిగా తోచింది. అన్నం సయించలేదు. దిగులు తీర్చుకోడానికి కాకినాడ వెళ్ళి, మస్తాన్ అనే చేపల కొట్టాయన దగ్గర ఒక అద్దాల తొట్టీ, రెండు చేపలూ కొనుక్కొచ్చాడు.

అందమైన చేపలనుకుంటున్నావేమో, కాదు. నల్లగా, గరుగ్గా, మాడిన అప్పడాల్లా ఉంటాయి. వాటిని ప్లీకోలంటారట. అద్దానికి నోరు అంటించుకుని పొద్దస్తమానం పాచి నాకుతుంటాయి.

"ఎర్ర చేపలూ బంగారు చేపలూ ఉండగా ఈ మాడుమొహాలేంట్రా?" అంది వీరాయమ్మ.

"ఇవి పిల్లల్ని చేస్తాయే అమ్మా. భవాని వచ్చేసరికి తొట్టి నిండా పిల్లలుండాలి" అన్నాడు ముత్యాలరావు. గుడ్లు పెట్టుకోడానికని ఒక చిన్న మట్టిముంతని తొట్టి మూల అడ్డంగా పడుకోబెట్టాడు.

పిల్లలన్న మాట చెవిన పడిందో లేదో, వీరాయమ్మకి చేతులు దురద పెట్టాయి.

ఇరవై రోజులు తిరిగేసరికి ముంతలో గుడ్లు పడ్డాయి. నారింజ రంగులో, ఉడికిన సగ్గుబియ్యంలా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ముంత నిండా ఒక చేప ఇరుక్కుని పడుకుంది. తల లోపలికి, తోక బయటికి. ఆ తోక అదేపనిగా ఊగుతోంది. ముత్యాలరావు చూసి గంతులేసి కొట్టుకి వెళ్ళాడు.

అప్పుడు వీరాయమ్మ తొట్టి ముందు కూర్చుంది. తోక వంక చూసింది. "అయ్యో నా తల్లీ! పచ్చి బాలింతవి, చన్నీళ్ళలో పడి వణికిపోతన్నావా!" అంది. గబగబా లేచి వావిలాకు వేసి నీళ్ళు కాచింది. ఊళ్ళో బాలింతలందరికీ అవే నీళ్ళు కదా మరి. రెండు చెంబులు, వేడివేడివి, ముంత మీదుగా వంచింది.

చేప ముంతలోంచి తూటాలా దూసుకొచ్చి ఆ చివరి అద్దానికి గుద్దుకుంది. అప్పుడు కనబడింది దాని మొహం. మొహం నిండా మీసాలు! మూతి మీద, నుదుటి మీద, కొమ్మలు కొమ్మలుగా గుబురు మీసాలు. మీసాల్లేని చేపేమో ఇవతల పక్క నింపాదిగా పాచి తింటోంది.

కబురందుకుని ముత్యాలరావు కొట్లోంచి పరుగున వచ్చి నీళ్ళు మార్చి చేపల్ని దక్కించుకున్నాడు గానీ, గుడ్లు దక్కలేదు. ఉడికిపోయాయి. వాడు తల్లిని ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి ఆవిడకి మరీ కష్టంగా ఉంది. పొరపాటు తనదని ఒప్పుకుంటే వీరాయమ్మ ఎలా అవుతుంది? రాత్రి అన్నం దగ్గర కారణం కనిపెట్టేసింది.

"నీళ్ళదేం లేదురా. మగాడు పురిటిగదిలో దూరితే గుడ్లు నిలుస్తాయా ఎక్కడన్నా? మీసాలేసుకుని వాడికక్కడ ఏం పని?"

ఆ తర్వాత నెలకి మళ్ళీ గుడ్లు పడ్డాయి. ముంతలోకి తొంగిచూస్తే మళ్ళీ ఆ మీసాలే. వీరాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఎంతమంది మగాళ్ళని గుమ్మం దగ్గర ఆపలేదు ఆవిడ! బిడ్డని చూడ్డానికొచ్చిన తండ్రులందరికీ "ఫో అవతలికి, పదకొండో రోజున చూద్దువుగాని" అనే చెప్పేది. మునసబు అంతటివాడే వసారాలో నిలబడ్డాడు. ఈ చేప ఎంత?

అట్లకాడ తిప్పి పట్టుకుని, కాడతో మీసాల చేపని ముంతలోంచి బయటికి తోలింది. వాడు వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ దూరాడు. మళ్ళీ తోలింది. మూడోసారి కూడా దూరబోతుంటే, బియ్యం కడిగే జల్లెడ వాడి మీద బోర్లించి, పైన రుబ్బుడు పొత్రం పెట్టింది. "అక్కడ పడుండు" అంది. తల్లి చేపని మర్యాదగా ముంతలోకి పంపించింది. తల్లి చేప ఒక చుట్టు తిరిగి, ఇది నా ఇల్లు కాదన్నట్టు బయటికొచ్చి, పాచి తినడానికి వెళ్ళిపోయింది.

కొట్లో పని ముంచుకొచ్చి ముత్యాలరావు రెండు రోజులు తొట్టి వైపు చూడలేదు. మూడో రోజు చూసేసరికి గుడ్లకి తెల్లగా దూదిలా బూజు పట్టింది. జల్లెడ కింద మీసాల చేప ముంత వైపే మొహం పెట్టి పడుకుని ఉంది. వాడి తోక ఇంకా ఊగుతూనే ఉంది.

అప్పుడు ముత్యాలరావు మస్తాన్‌కి ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పి, ఫోను వీరాయమ్మ చేతికిచ్చాడు.

"అయ్యయ్యో అమ్మగారూ" అన్నాడు మస్తాన్. "ఈ చేపల్లో తల్లి పని గుడ్లు పెట్టడంతో సరి. అక్కణ్ణించి పిల్లల్ని కాచుకునేదంతా తండ్రేనండి. తోకతో నీళ్ళు విసురుతుంటేనే గుడ్లకి ఊపిరి. పిల్లలు బయటికొచ్చేదాకా వాడు తిండి తినడు, చోటు కదలడు. మీరేం చెయ్యక్కర్లేదండి. అసలు ఏమీ చెయ్యకుండా ఉంటే చాలండి బాబూ!"

వీరాయమ్మ ఫోను కొడుకు చేతిలో పెట్టేసింది. గేదె దగ్గరికి వెళ్ళింది గానీ దానికీ ఏం చెప్పలేదు. నవ్వకే, ఆవిడకి నిజంగానే గుండె జారిపోయింది. మర్నాడు కొడుకుని పిలిచి చెప్పింది.

"ఒరే, నా చేతుల మీద రెండు కాన్పులు పాడయిపోయాయి. చేపలైతే ఏంటి, బిడ్డలు బిడ్డలే. ఇవి మంచి చేతులు కావు. భవాని బిడ్డకి నీళ్ళు పొయ్యడానికి ఇంకెవర్నైనా చూసుకోమని మీ అత్తగారికి చెప్పేయ్."

ఎంత బతిమాలినా వినలేదు. ఊళ్ళో వాళ్ళు పిలిస్తే మోకాళ్ళ నొప్పులంది. సొంత మనవరాలో మనవడో పుట్టబోతుంటే, ఊరందరి పిల్లలకీ నీళ్ళు పోసిన మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంది.

భవానికి తొమ్మిదో నెల వచ్చింది. ముంతలో మూడోసారి గుడ్లు పడ్డాయి.

ముత్యాలరావు ఏం చేశాడో తెలుసా? తొట్టిని కొట్టుకి మోసుకుపోలేదు. తొట్టి ముందు పీట వేశాడు. "అమ్మా, ఈసారీ నువ్వే చూసుకో. నాకు పనుంది" అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

వీరాయమ్మ పీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఆవిడకి పుట్టాక అదే మొదలు. మొదటి రోజు మీసాల చేప తోక కాసేపు ఆగింది. ఒక చెయ్యి బయటికి వచ్చేసింది. "కూర్చో" అని చేతిని తనే కసిరింది. తోక మళ్ళీ ఊగింది. మూడో రోజుకి వాడి పొట్ట లోపలికి పోయింది. ముంత ముందు బీరకాయ ముక్క వేస్తే వాడు కన్నెత్తి చూడలేదు. తల్లి చేప వచ్చి అది కాస్తా తినేసి పోయింది. "నీకన్నా సిగ్గుండాలే" అని వీరాయమ్మ దాన్ని తిట్టింది. తిట్టడానికి చేతులతో పనిలేదు కదా.

ఆరో రోజు మధ్యాహ్నం ఆ ఊగే తోక వంక చూస్తూ చూస్తూ ఉంటే ఆవిడకి తన మొగుడు గుర్తొచ్చాడు. ముత్యాలరావు పుట్టినప్పుడు ఆయన పదకొండు రోజులూ గుమ్మం బయటే తచ్చాడాడు. పిల్లాడు ఏడ్చినప్పుడల్లా తలుపు దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఒకసారి తలుపు సందులోంచి చెయ్యి పెడితే, ఆవిడే లోపల్నుంచి గసిరింది. ఆయన పోయి అప్పటికి పన్నెండేళ్ళు. "పాపం, ఒక్కసారి లోపలికి రమ్మంటే ఏం పోయేది" అనుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ చేతిని మళ్ళీ తొడ కింద పెట్టేసుకుంది.

ఆ తర్వాత గుడ్లకి తోకలొచ్చాయి. తోకల తర్వాత కళ్ళొచ్చాయి. ఒక్కో దానికి పసుపు రంగు సంచి లాంటి పొట్ట. పదో రోజు పొద్దున్న, ముంతలోంచి గోరంత చేప ఒకటి బయటికొచ్చి, టక్కున అద్దానికి నోరు అంటించింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇరవై. వీరాయమ్మ నలభై దాకా లెక్కపెట్టి, అవి కుదురుగా ఉండక లెక్క తప్పి, "ఒరే ముత్యాలూ!" అని వీధి వీధంతా వినబడేలా కేకేసింది.

అందరికన్నా చివర మీసాల చేప బయటికొచ్చాడు. బక్కచిక్కి పుల్లలా ఉన్నాడు. ఈసారి చేతులు తీసి, వీరాయమ్మ లేత బీరకాయ మెత్తగా ఉడికించి, చల్లార్చి, వాడి ముందు పెట్టింది. "తినరా నాయనా, నీకూ పథ్యమే" అంది. వాడు ముక్కకి అతుక్కుని సాయంత్రం దాకా వదల్లేదు.

ఆ తర్వాత అయిదో రోజున వియ్యాలవారి నుంచి కబురొచ్చింది. భవానికి ఆడపిల్ల పుట్టింది, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు, వదినగారు వచ్చి తీరాలి అని. వీరాయమ్మ అద్దం నిండా అతుక్కున్న పిల్లల్ని చూసింది. తన చేతుల్ని చూసుకుంది. లేచి, సాంబ్రాణి పొట్లం కట్టుకుని కొడుకుతో బయల్దేరింది.

వియ్యంకురాలు నాగరత్నం గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రండి వదినగారూ, నీళ్ళు కాగుతున్నాయి. అల్లుడుగారూ, మీకు వసారాలో కుర్చీ వేయించాం" అంది.

లోపల బిడ్డ కెవ్వుమంటోంది. ముత్యాలరావు ఆచారం ప్రకారం కుర్చీ వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" అంది వీరాయమ్మ. "లోపలికి పద."

పీట వేసింది. పీట మీద తను కూర్చోలేదు, కొడుకుని కూర్చోబెట్టింది. "కాళ్ళు చాపు. దగ్గరగా పెట్టు. ఆఁ, అలా" అని, ఆ తాటిదుంగల్లాంటి కాళ్ళ మీద గుప్పెడంత బిడ్డని పడుకోబెట్టింది. నాగరత్నం ముక్కున వేలేసుకుంది.

"మగాళ్ళు నీళ్ళు పొయ్యడం ఎక్కడన్నా చూశామా వదినగారూ?"

"నేను చూశానండి" అంది వీరాయమ్మ. "పది రోజులు, కదలకుండా కూర్చుని చూశాను."

చెంబు కొడుకు చేతికిచ్చింది. వాడు బిడ్డ వీపు మీద కొంచెం కొంచెంగా నీళ్ళు వంచాడు. బిడ్డ ఏడుపు ఆపింది. ఆపి, వాళ్ళ నాన్న కొత్త లుంగీ తడిపేసింది. వాడు నవ్వుతూ ఏడుస్తుంటే, మంచం మీంచి భవాని కూడా నవ్వుతూ ఏడ్చింది. వీరాయమ్మ మాత్రం పక్కనే చతికిలబడి, వాడికి చెంబు మీద చెంబు అందిస్తూ కూర్చుంది.

కథేమో కంచి బస్సెక్కింది,
మీసాల చేప ముంతలో నక్కింది,
నాన్న ఒళ్ళు పాపకి దక్కింది,
నిద్దరొచ్చి నీ కన్ను నొక్కింది!