నక్కమంత్రి పొలిమేర నడక

అనగనగా, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు తొంగి తొంగి చూడాల్సినంత దట్టమైన ఒక అడవి. ఆ అడవిలో ఐదు పేటలు. ఒక్కో పేటవాళ్ళు తమకు నచ్చినవారి ముందు గులకరాయి వేసి ఒక పెద్దను ఎన్నుకునేవారు. ఎండాకాలంలో ఊట దగ్గర ఎవరు ఎప్పుడు నీళ్ళు తాగాలో ఆ ఐదుగురు పెద్దలే తేల్చేవారు.

అడవిలో కుందేళ్ళు ఎక్కువ, నక్కలు తక్కువ. పదేళ్ళకోసారి తలలు లెక్కపెట్టి పేటల పొలిమేరలు కొత్తగా గీసుకోవడం అక్కడి వాడుక. ఆ ఏడు గీసే పని కపిలకేశుడనే నక్కమంత్రికి దక్కింది.

కపిలకేశుడు గుహలో చల్లగా కూర్చుని, ఒక టేకాకు మీద గోటితో గీతలు గీశాడు. కుందేళ్ళలో చాలామందిని తీసుకొచ్చి ఒకే పేటలో కుక్కాడు. మిగిలినవాళ్ళను పేటకు కాసింతమందిగా నాలుగు పేటల్లోకి చెదరగొట్టాడు. ఆ నాలుగింటిలోనూ నక్కలదే పైచేయి అయ్యేలా గీతను పొదల చుట్టూ తిప్పాడు, బొరియల మధ్య నుంచి దూర్చాడు, ముళ్ళకంపల్లోంచి లాగాడు. ఆకు మీద చూడటానికి ముద్దుగానే ఉంది మరి!

ఎన్నిక జరిగింది. కపిలకేశుడితో కలిపి నలుగురు నక్క పెద్దలు, ఒక్క కుందేలు పెద్ద. తెల్లవారి తేట నీళ్ళు నక్కలకు, అవి తొక్కగా మిగిలిన బురద నీళ్ళు కుందేళ్ళకు అని తీర్మానమైపోయింది.

తృణావతి అనే కుందేలుకు ముగ్గురు పిల్లలు. ఆ బురద నీళ్ళు తాగి కడగొట్టు పిల్ల జబ్బుపడింది. ఎండిపోయిన దాని నాలుక చూశాక తల్లి ఇక ఊరుకోలేకపోయింది.

మొదట ఆమె ఐదుగురు పెద్దల సభకు వెళ్ళింది. "అయ్యా, ఎక్కువమందిమి మేమే కదా! సభలో మా గొంతు ఒక్కటే ఎందుకైంది?" అని అడిగింది.

"నలుగురం ఒక మాట మీద ఉన్నాం. ఇంకేం కావాలమ్మా?" అంటూ కపిలకేశుడు మీసం దువ్వుకున్నాడు.

రెండోసారి న్యాయాధికారి దగ్గరకు వెళ్ళింది. ఆయన గంభీరుడనే ఏనుగు. "గీత ఎటు పోవాలో చెప్పడం సభ పని తల్లీ, అందులో నేను తొండం పెట్టను. అడవి ఆచారం ఏదైనా తప్పారా చెప్పు, అప్పుడు వింటాను" అన్నాడు.

ఏ ఆచారం తప్పారో తృణావతికి ఏం తెలుసు? అసలు ఆ గీత ఎటు పోతోందో చూద్దామని మర్నాడు తెల్లవారగానే పొలిమేర రాళ్ళు చూసుకుంటూ దాని వెంబడి బయలుదేరింది. తీరా చూస్తే, తన బొరియ ముందు వాకిలి రెండో పేటలో, వెనక వాకిలి నాలుగో పేటలో! నవ్వకండి పిల్లలూ, ఆమెకు ఏడుపొచ్చింది.

పొద్దు గుంకేసరికి సగం గీత కూడా తిరగలేకపోయింది. కాళ్ళు పీకుతుంటే కూలబడి, "మా తాత పొలిమేర గీస్తే, ఆచారం ప్రకారం దాని వెంట తానే నడిచి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి గరిక మేసేవాడని అవ్వ చెప్పేది కదా!" అనుకుంది. అనుకున్నదే తడవుగా ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మూడోసారి మళ్ళీ ఏనుగు దగ్గరకే వెళ్ళింది. "ప్రభూ! పొలిమేర గీసినవాడు పొద్దు పొడుపున బయలుదేరి, పొద్దు గుంకేలోగా దాని వెంట నడిచి రావాలి. నడవలేని గీత చెల్లదు. ఇది మన పెద్దలు పెట్టిన ఆచారం. మంత్రిగారు నడిచారా?"

"అదంతా పాతకాలపు ముచ్చట!" అన్నాడు, ఏనుగు పిలిపించగా వచ్చిన కపిలకేశుడు.

"దాన్ని ఏ సభ రద్దు చేసింది మంత్రీ?" అని గంభీరుడు అడిగాడు. ఏ సభా రద్దు చేయలేదు.

ఇక మంత్రికి నడక తప్పలేదు. అడవి అడవంతా వెంట నడిచింది. ముళ్ళకంపలో మంత్రి తోక చిరిగింది. ఊబిలో మోకాళ్ళు దిగబడ్డాయి. ఒక్క మర్రిచెట్టు చుట్టూనే ఏడు మలుపులు! ఈ గీత గీసిందెవరని తిట్టబోయి, తానేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు. పొద్దు గుంకే వేళకు, గీత ఇంకా సగం మిగిలి ఉండగానే, తృణావతి వెనక వాకిట్లో చతికిలబడి, "దాహం..." అన్నాడు.

తృణావతి సొరబుర్రతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "మా పేటకు మీరిచ్చిన నీళ్ళివే మంత్రిగారూ. ఇంట్లో వేరే నీళ్ళు లేవు."

ఒక్క గుక్క తాగాడు. బురద గొంతు దిగలేదు. లోపల పడుకున్న చిన్న పిల్ల అతనివంక చూస్తోంది. కపిలకేశుడు తల దించుకుని, "ఈ గీత చెల్లదు" అని తానే అన్నాడు.

ఈసారి ఒక నక్క, ఒక కుందేలు కలిసి ముందు నడిచారు, తర్వాతే గీశారు. ఎండెక్కకముందే ఇద్దరూ ఇంటికి చేరారు. ఎన్నికలో ముగ్గురు కుందేళ్ళు, ఇద్దరు నక్కలు పెద్దలయ్యారు. వారిలో తృణావతి ఒకతె.

"ఇప్పుడు బురద నక్కలకు పోద్దాం!" అని కుందేళ్ళు గంతులేశాయి.

"వద్దు. వాళ్ళింట్లోనూ పిల్లలున్నారు. ఒక రోజు వాళ్ళు ముందు, ఒక రోజు మనం ముందు. ఊటలో మాత్రం ఎవరూ కాలు పెట్టకూడదు, ఒడ్డునుంచే తాగాలి" అంది తృణావతి. ఆ వారమే ఆమె కడగొట్టు పిల్ల లేచి, ఊట ఒడ్డున నక్కపిల్లలతో పరుగులు తీసింది.

కాబట్టి పిల్లలూ, పదిమందికి గీత గీసేవాడు ముందుగా ఆ గీత మీద తాను నడిచి చూడాలి.