ఇంటిపేరు తర్వాత ఖాళీ

"ఈ షెల్ స్క్రిప్టుతో నా ప్రాణం విసిగిపోయింది మాస్టారూ!" అంటూ నిరంజన్ కీబోర్డును అవతలికి నెట్టాడు.

కాలేజీ కంప్యూటర్ గదిలో పరాంకుశం మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్నాడతను. విద్యార్థుల మార్కుల మెమోలన్నీ ప్రింటరుకు పంపమని ఆయన చెప్పారు. ఒక్కో మెమో ఫైలుకు ఆ విద్యార్థి రాసుకున్న పేరే పెట్టారు. ఒక్కటి తప్ప అన్నీ వెళ్లాయి. మిగతావాళ్లు ఇంటిపేరును ఖాళీ లేకుండా పొడి అక్షరంతో సరిపెట్టుకుంటే, ఒకమ్మాయి మాత్రం పూర్తిగా రాసి, కాస్త ఖాళీ వదిలి తన పేరు రాసింది. కంప్యూటరుకిచ్చే ఆదేశాల్ని మాట మాటగా విడదీసి చదివే షెల్, ఆ ఖాళీ దగ్గర పేరును రెండు ముక్కలు చేసింది.

"ఇదీ ఒక భాషేనా? సీ భాషలో రాసిన ప్రోగ్రాముల్ని కంపైల్ చేసి యంత్రభాషలోకి మార్చకుండా నేరుగా నడిపించే ఇంటర్‌ప్రెటర్ దొరికింది. ఇక అన్నీ సీలోనే రాస్తాను."

"రాయి," అన్నారు మాస్టారు.

సీ వచ్చినవాళ్లకు మిగతా భాషలు ఒక పట్టాన కంటికి ఆనవు. రెండు లైన్ల పనికి నిరంజన్ తెర నిండా బ్రాకెట్లు, సెమికోలన్లు పేర్చాడు. ఠీవిగా మీట నొక్కాడు.

'వేదాంతం' అనే ఫైలు లేదంది తెర. 'శ్రుతి' అనే ఫైలూ లేదంది.

గుమ్మంలో ఆ వేదాంతం శ్రుతే నిలబడి ఉంది. "నాలుగింటికి కౌన్సెలింగ్ సార్. మెమో లేకపోతే సీటు పోతుంది," అంది. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

"సీ కూడా ఇంతేనా!" నిరంజన్ తల పట్టుకున్నాడు. "ఈ ఇంటర్‌ప్రెటర్‌లోనే ఏదో తప్పుంది."

మాస్టారు ప్రోగ్రాం చదివారు. అంత హంగామా చేసి, చివరి లైనులో ఆ పేరును తీసుకెళ్లి మళ్లీ పాత షెల్ చేతిలోనే పెట్టాడు శిష్యుడు. ఆయనకూ ఒళ్లు మండింది. లేచి, రెండు కుర్చీలు లాగి ఎడంగా వేశారు.

"వేదాంతం, నువ్వు ఇందులో కూర్చో. శ్రుతీ, నువ్వు అందులో."

ఆ అమ్మాయి రెండింటి మధ్య బిక్కమొహం వేసుకుని నిలబడింది. "నేనొక్కదాన్నే కదా సార్?"

"ఆ సంగతి దానికెవరు చెప్పారమ్మా?" అన్నారు మాస్టారు, కంప్యూటర్ వైపు చూపిస్తూ.

నిరంజన్ కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు. చివరి లైనులో పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి రెండు ముక్కల్నీ ఒకే పేరు చేశాడు. ప్రింటరు గరగరమంది. శ్రుతి మెమో అందుకుని ఒకటే పరుగు.

ఆమె వెళ్లాక నిరంజన్ అడిగాడు. "ఇంతకీ సీలోనే ఉంచనా మాస్టారూ, షెల్‌లోకి మార్చనా?"

"ముందు ఆ రెండో కుర్చీ తీసెయ్యి," అన్నారు మాస్టారు.