బొమ్మల కొండకు మూడు విడతలు

కాకినాడలో గవర్రాజు అనే దర్జీ ఉండేవాడు, ఆయన చేతిలో ఎంత పనితనం ఉండేదో మనసులో అంత పంతం ఉండేది. "అయితే అంతా కావాలి, లేకపోతే ఏమీ వద్దు" అనేది ఆయన ఊతపదం.

ఊరి బయట సంబరాల తోట అని పెద్ద వినోదాల పార్కు ఒకటి ఉండేది. ఆ తోటంటే గవర్రాజుకు ప్రాణం. ఏడాది పాసు తీసుకుని ప్రతి ఆదివారం వెళ్లేవాడు. ఆయనలాంటి అభిమానులు పదిమంది దాకా గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర చేరేవారు. ఏ ఊయల కిర్రుమంటోంది, ఏ గుర్రానికి రంగు వెలిసింది అని సొంతింటి సంగతుల్లా మాట్లాడుకునేవారు.

మాఘమాసంలో ఒక ఆదివారం గేటు పక్కన కొత్త బోర్డు కనిపించింది. లోపల బొమ్మల కొండ అనే కొత్త భాగం కడుతున్నారట. మూడు విడతలుగా తెరుస్తారట. ఉగాదికి చిన్నపిల్లల రైలు, శ్రావణంలో పడవలు, దసరాకి కొండ మీద పెద్ద చక్రం.

ఇంకేముంది, టీ బడ్డీ దగ్గర రెండు పక్షాలు తయారయ్యాయి. కొండంతా ఒక్కసారే తెరవాలి, ఇలా ముక్కలు చేస్తే ముచ్చట చచ్చిపోతుంది అన్నారు కొందరు. ఏది సిద్ధమైతే అది చూద్దాం అన్నారు మిగిలినవాళ్లు. మొదటి పక్షానికి గవర్రాజే పెద్ద.

"సగం కుట్టిన చొక్కా ఎవరైనా తొడుక్కుంటారా?" అన్నాడు ఆయన. "ఒక చెయ్యి ఉగాదికీ, ఇంకో చెయ్యి దసరాకీ కుట్టిస్తే తొడుక్కుంటావట్రా నూకరాజూ?"

నూకరాజు ఆయనకు వరసకు బావమరిది. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి దిగాడు. "చలేస్తుంటే తొడుక్కుంటాను బావా" అన్నాడు. "అయినా బస్సెక్కినవాడికి స్టాపులన్నీ ఒకేసారి వస్తాయా? ఒక్కోటీ వస్తుంది. కిటికీ పక్కన కూర్చుని చూసుకుంటూ పోవడమే."

అందరూ నవ్వారు. ఆ నవ్వు గవర్రాజుకు గుచ్చుకుంది. టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"అయితే వినండి. మూడు విడతలూ పూర్తయ్యేదాకా నేను బొమ్మల కొండ గడప తొక్కను. అంతే."

అన్నాడే గాని, ఆ మాట తగిలింది ఆయనకు కాదు. కూతురి కూతురు ప్రణవికి. దానికి అయిదు దాటి ఆరో ఏడు నడుస్తోంది. పక్క వీధిలోనే ఇల్లు కావడంతో, బడి వదలగానే తాత కుట్టుమిషను పక్కన చేరి గుడ్డముక్కలు ఏరుకునేది. బోర్డు మీద రైలు బొమ్మ చూసిన రోజు నుంచీ దానికి అదే లోకం. కొండ కడుపులో సొరంగం ఉందట. అందులో వేలాడే గంటను ప్రతి పిల్లా తాడు లాగి మోగించవచ్చట.

"తాతా, రైలు ఎప్పుడు ఎక్కుదాం?"

"అన్నీ తెరవనీ తల్లీ. ఒక్కసారే అన్నీ ఎక్కిస్తాను. దానికోసమే కదా నీకు పట్టు పరికిణీ కుడుతున్నాను."

నిజంగానే కుట్టాడు. ఆకుపచ్చ పట్టుకు ఎర్రంచు. పెరిగే పిల్ల కదా అని, అందరు పిల్లలకూ కుట్టినట్టే కింద లోపలివైపు రెండు మడతలు వేసి కుట్టాడు. తరవాత దాన్ని పెట్టెలో పెట్టి, "కొండంతా తెరిచిన రోజే దీన్ని తియ్యాలి" అని భార్య మంగతాయారుతో చెప్పాడు.

ఉగాది వచ్చింది. రైలు కూత పెట్టింది. అభిమానులంతా లోపలికి వెళ్లారు. గవర్రాజు ఇంట్లోనే కూర్చున్నాడు. సాయంత్రం నూకరాజు వచ్చి అక్కడి వింతలన్నీ చెప్పాడు. "వాకిట్లో చెక్క ఏనుగు ఉంది బావా. దాని తొండం కిందనుంచి తల తగలకుండా దూరిన పిల్లలకే రైలు. తల తగిలితే పడవలు వచ్చేదాకా ఆగాలట. ప్రణవిని పంపు, నేను తీసుకెళ్తాను."

గవర్రాజు జవాబు చెప్పేలోపే ప్రణవి తల అడ్డంగా ఊపింది. "తాత రాకపోతే నేనూ రాను" అంది.

మర్నాడు విదియ. పొద్దు గుంకగానే పడమట సన్నని నెలవంక పొడిచింది. మంగతాయారు వాకిట్లో నిలబడి, చీర కొంగు నుంచి ఒక నూలుపోగు తీసి చంద్రుడికి సమర్పించి దణ్ణం పెట్టుకుంది. ఏటా ఆమె అత్తగారు చేసేది, ఇప్పుడు ఆమె చేస్తోంది.

"ఏవండీ, ఒక మాట" అంది మెల్లగా. "మనవాళ్లు నూలుపోగు ఈ గోటంత చంద్రుడికే ఇచ్చారు. పున్నమి దాకా ఆగి నిండు చంద్రుడికే ఇద్దాం అనుకోలేదు. పిల్లను తీసుకెళ్లండి."

ఆ మాట గవర్రాజు మనసుకు తగిలింది. కాని టీ బడ్డీ గుర్తొచ్చింది. "పదిమందిలో అన్న మాట మంగా" అని లోపలికి వెళ్లిపోయాడు.

శ్రావణంలో పడవలు వచ్చాయి. దసరాకి రావలసిన చక్రం మాత్రం రాలేదు. వానలకు పని ఆగిందన్నారు. కార్తీకం అన్నారు, సంక్రాంతి అన్నారు. చివరికి ఏడాది తిరిగి మళ్లీ ఉగాది వచ్చాకే చక్రం కదిలింది.

ఆ పొద్దున గవర్రాజు కొత్త పంచె కట్టాడు. పెట్టెలోంచి పరికిణీ తీయించాడు. ప్రణవికి కడితే అది చీలమండలకు పైనే ఆగింది. మంగతాయారు కింద ఒక మడత విప్పి, ఇస్త్రీ చేసి మళ్లీ కట్టింది. అప్పుడు సరిపోయింది. విప్పిన చోట కుట్టు తాలూకు సన్నని గీత మిగిలింది. గవర్రాజు ఆ గీత చూశాడు గాని తొందరలో పట్టించుకోలేదు.

బొమ్మల కొండ వాకిట్లో చెక్క ఏనుగు నిలబడి ఉంది. ప్రణవి తాత చెయ్యి వదిలి దాని తొండం కిందికి పరుగెత్తింది. నుదురు టక్కున తగిలింది. ఒక్క వేలెడు ఎక్కువైంది.

గవర్రాజు గబగబా దగ్గరికి వెళ్లి చెవిలో, "కొంచెం మోకాళ్లు వంచు తల్లీ" అన్నాడు.

"దొంగాట కదా తాతా" అంది ప్రణవి, అంతే గుట్టుగా.

అక్కడ కాపలా ఉన్న అమ్మాయి నవ్వింది. "సొరంగం కప్పు బాగా కిందికి ఉంటుంది తాతగారూ, తల తగులుతుంది. పోయినేడు తీసుకురాలేకపోయారా?"

ఊళ్లో పిల్లలందరి కొలతలూ తీసే టేపు గవర్రాజు మెడలోనే ఏడాదంతా వేలాడింది. ఆయన వంగి, మనవరాలి పరికిణీ మీది ఆ కుట్టు గీతను వేలితో తడిమాడు.

"పరికిణీ అయితే మళ్లీ మడత వేసి కుట్టగలను" అన్నాడు పక్కనే ఉన్న నూకరాజుతో. "పిల్లకు మడత వెయ్యలేను కదరా."

ఎగతాళి చేద్దామని వచ్చిన నూకరాజు కూడా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ప్రణవి మాత్రం ఎంతసేపో దిగులు పడలేదు. పసివాళ్లకు దేవుడు ఆ వరం ఇచ్చాడు. పడవెక్కి నీళ్లు చిమ్మింది. తాత ఒడిలో కూర్చుని పెద్ద చక్రం ఎక్కి, పైనుంచి సముద్రం కనిపిస్తోందని కేరింతలు కొట్టింది. అయితే చక్రం పైకి వెళ్లినప్పుడు కొండ కడుపులోంచి గంట మోగింది. ప్రణవి చెవి ఒగ్గి విని, "ఆ తాడు లాగితే గట్టిగా ఉంటుందా తాతా, మెత్తగా ఉంటుందా?" అని అడిగింది.

ఆ మరుసటి మాఘంలో గేటు పక్కన మళ్లీ ఒక బోర్డు కనిపించింది. పక్షుల లోకమట. ఈసారి నాలుగు విడతలట. టీ బడ్డీ దగ్గర పాత వాదన మొదలై, అందరూ గవర్రాజు వైపు తిరిగారు.

"మొదటి విడత ఎప్పుడు?" అన్నాడు ఆయన. "ఆ రోజు దుకాణం కట్టేస్తాను. ప్రణవిని ముందు వరసలో నిలబెట్టాలి."

"మరి సగం చొక్కా సంగతేంటి బావా?" అన్నాడు నూకరాజు.

"ఒక్క చెయ్యే ఉన్నా తొడుక్కుంటానురా" అన్నాడు గవర్రాజు. ఈసారి అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

అంతా ఒకేసారి కావాలని పంతం పట్టినవాడు చేతికందిన కొంతను కూడా పోగొట్టుకుంటాడు. భగవంతుడు విడతలుగా ఇచ్చే సంతోషాన్ని ఏ విడతకు ఆ విడతే కళ్లకద్దుకుని అందుకోవాలి.